శీతల పానీయాల్లో ఆరోగ్యం గిరాకీ: బత్తాయి వర్తకానికి దక్కేదెంత?

(మా వాణిజ్య విలేఖరి)

నల్లగొండ: శీతల పానీయాల వర్తకంలో రుచి, ధర, సరఫరా అనే మూడు మాటలే ఇంతకాలం చెల్లుబాటయ్యాయి. ఇటీవలి సంవత్సరాలలో వాటి పక్కన ఆరోగ్యం అనే నాలుగో మాట వచ్చి కూర్చున్నది. చక్కెర లేని కోలా, పండ్ల రసం, కొబ్బరినీరు, మజ్జిగ, నీరా, తైదంబలి అన్నీ ఈ పేరు మీదనే కొత్త గిరాకీ వెతుక్కుంటున్నాయి. బత్తాయికి పెట్టింది పేరయిన నల్లగొండకూ, ఈత చెట్లకూ తైదలకూ పేరున్న మహబూబ్‌నగర్‌కూ ఈ గాలి లాభించవలసినదే. కాని ఆ లాభం పండు దాకా వస్తున్నదా, సీసా దగ్గరనే ఆగిపోతున్నదా అనేది ఇక్కడి కమీషన్ ఏజెంట్లు, తోటలు గుత్తకు పట్టే వర్తకులు లెక్క వేసుకోవలసిన విషయం. లెక్క వేసి చూస్తే, కంపెనీల పండ్ల పానీయం కన్నా వీధి మూలన జ్యూస్ బండి మీది గ్లాసే బత్తాయికి పెద్ద ఖాతాదారు అని తేలుతున్నది.

నీళ్లతో మొదలైన భయం

ఈ జిల్లాలో తాగేదాని మీద అనుమానం కోలాతో మొదలు కాలేదు, బోరు నీటితో మొదలయింది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటరాదని, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల దాకా సహించవచ్చునని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల బోర్లలో అంతకు మించిన ఫ్లోరైడ్ తరాల తరబడి జనం ఎముకలను వంచింది. 1970 దశకంలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే విధానం రూపొందించి, దానికి నల్లగొండ విధానం అనే పేరు పెట్టారు. ఆ తర్వాత ఆర్.ఓ. ప్లాంట్లు, 20 లీటర్ల క్యాన్లు వచ్చాయి. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు ఊళ్లకు చేరినా క్యాన్ల వర్తకం మూతపడలేదు. ఆరోగ్యం పేరు చెబితే తాగేదానికి డబ్బు పెట్టే అలవాటు ఇక్కడ పాతదేనని దీనినిబట్టి గ్రహించవచ్చు.

కోలాల మీద అనుమానం రావడానికి మరికొంత కాలం పట్టింది. 1977లో కోకాకోలా దేశం విడిచిపోయినప్పుడు చర్చ అంతా విదేశీ పెట్టుబడి గురించే గాని తాగేవారి ఆరోగ్యం గురించి కాదు. ఆ ఖాళీలోకి థమ్స్ అప్, కాంపా కోలా, ప్రభుత్వ మోడరన్ బేకరీస్ వారి డబుల్ సెవెన్ వచ్చాయి. 1990లో పెప్సీ, 1993లో తిరిగి కోకాకోలా ప్రవేశించాయి. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ 12 రకాల పానీయాలలో పురుగుమందుల అవశేషాలున్నాయని ప్రకటించడం, 2004 ఫిబ్రవరిలో పార్లమెంటు సంయుక్త సంఘం ఆ ఫలితాలను బలపరచడంతో మొదటిసారి అమ్మకాల మీద ఆరోగ్యం దెబ్బ పడింది. ఆ దెబ్బ నుంచి కంపెనీలు తేరుకున్నాయి. ఇప్పుడు ఎదురైనది పురుగుమందు కాదు, చక్కెర. దీని నుంచి తేరుకోవడం అంత సులభం కాదు. ఎందుకంటే చక్కెర పొరపాటున కలిసినది కాదు, పానీయానికి అదే మూల సరుకు.

చక్కెర లెక్క

మామూలు కోలా 100 మిల్లీలీటర్లలో చక్కెర పది గ్రాముల పైచిలుకు ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా తాగితే 26 గ్రాముల దాకా లోపలికి పోతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చేర్చిన చక్కెరను రోజుకు 25 గ్రాముల లోపు ఉంచమన్నాయి. అంటే రోజు మొత్తం కోటా ఒక్క సీసాతోనే చెల్లిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో దేశంలో మధుమేహులు 10 కోట్ల పైచిలుకు ఉన్నారని, మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ అంచున ఉన్నారని అంచనా వేసింది. వీరిలో ప్రతి ఒక్కరూ ఒకప్పుడు పానీయాల ఖాతాదారే.

అందుకే చక్కెర లేని రకాలు పెద్ద సీసాలలోనే కాక 10 రూపాయల చిన్న సీసాలలో కూడా దిగాయి. కాంపా కోలాను 2022లో కొనుగోలు చేసిన రిలయన్స్ 2023లో దానిని 10 రూపాయల 200 మిల్లీలీటర్ల సీసాగా బజారుకు తేవడంతో ధరల పోటీ కూడా ముదిరింది. అయితే చక్కెరకు బదులు వాడే కృత్రిమ తీపి కూడా విమర్శ తప్పించుకోలేదు. శరీర బరువు అదుపుకు వీటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. అదే ఏడాది జూలైలో ఆస్పర్టేమ్‌ను క్యాన్సర్‌కు కారణం కావచ్చునన్న అనుమానిత పదార్థాల జాబితాలో చేర్చారు. కాని శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని మార్చలేదు. ఇలా ఒక భయం నుంచి మరో భయానికి నడిచే ఖాతాదారు చివరకు పండు వైపు చూస్తాడన్నది వర్తకుల ఆశ. ఈ ఆశకు పన్నుల విధానం కూడా ఊతమిచ్చినట్లు కనిపిస్తున్నది.

పన్ను తేడా 5, 40

2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జి.ఎస్.టి. మార్పులతో పానీయాల వర్తకం రెండుగా చీలింది. చక్కెర గాని, ఇతర తీపి గాని, సువాసన గాని కలిపిన గ్యాసు పానీయాలపై 40 శాతం పన్ను పడుతుంది. అంతకుముందు 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కలిపి మొత్తం అదే ఉండేది. గ్యాసు లేని పండ్ల గుజ్జు, పండ్ల రసం పానీయాలపై మాత్రం పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 20 లీటర్ల నీటి క్యాను కూడా 12 నుంచి 5కు, తీపి లేని మామూలు సోడా 18 నుంచి 5కు దిగాయి. తాజా బత్తాయికి, నిమ్మకు పన్ను లేదు.

ముద్రించిన గరిష్ఠ ధర 20 రూపాయలు అయితే అందులో గ్యాసు పానీయం మీది పన్ను 5 రూపాయల 71 పైసలు. పండ్ల పానీయం మీద 95 పైసలు మాత్రమే. పాత రేటు ప్రకారం ఇది 2 రూపాయల 14 పైసలు ఉండేది. 24 సీసాల కేసు మీద రెండింటి పన్ను తేడా సుమారు 86 రూపాయల నుంచి 114 రూపాయలకు పెరిగిందన్నమాట. డిస్ట్రిబ్యూటర్ కమీషన్‌కు, దుకాణదారు మార్జిన్‌కు ఈ తేడా పెద్ద ఆసరా.

గోలి సోడా తయారుచేసే చిన్న యజమానులు కూడా ఈ తేడాను గమనించాలి. అదే సీసాలో ఉత్త సోడా పోస్తే 5 శాతం, తీపి, రంగు, సువాసన కలిపితే 40 శాతం. పైగా 2019 అక్టోబరు నుంచి గ్యాసు పానీయాల తయారీదారులకు కాంపోజిషన్ పథకం వర్తించడం లేదు.

గ్యాసు పానీయంలో కాస్త పండ్ల రసం కలిపి రైతుకు మేలు చేయవచ్చునన్న ఆలోచన కూడా దీనితో వెనక్కు పోయింది. కోలా కంపెనీలు 5 శాతం పండ్ల రసం కలపాలని 2014లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పిలుపునిచ్చారు. కాని 2021లో జి.ఎస్.టి. మండలి పండ్ల రసం కలిసిన గ్యాసు పానీయాన్ని కోలాతో సమానంగా పన్నులో చేర్చింది. ఇప్పుడూ దానికి 40 శాతమే. ఇక మిగిలింది గ్యాసు లేని పండ్ల పానీయం. అందులో పండు ఎంతో చూడాలి.

సీసాలో పండెంత, గ్లాసులో పండెంత

నిబంధనల ప్రకారం పండ్ల పానీయం అనిపించుకోవడానికి రసం పది శాతం ఉంటే చాలు. నిమ్మకయితే 5 శాతమే. 200 మిల్లీలీటర్ల సీసాలో పది శాతం అంటే 20 మిల్లీలీటర్లు. నూరు కిలోల బత్తాయి పిండితే 40 లీటర్ల రసం వస్తుందనుకుందాం. టన్ను కాయకు 400 లీటర్లు. ఆ రసంతో 20,000 సీసాలు నింపవచ్చు. అదే రసాన్ని నీళ్లు కలపకుండా బండి మీద గ్లాసుల్లో పోస్తే 2,000 గ్లాసులు మాత్రమే వస్తాయి. సగం నీళ్లు, ఐసు కలిపేవారి దగ్గరయినా 4,000 గ్లాసులు దాటవు. ఒక మనిషి సీసా మాని గ్లాసు తాగితే తోట నుంచి కదిలే సరుకు ఐదు నుంచి పది రెట్లు పెరుగుతుంది. గ్లాసు మాని పండ్ల బొమ్మ ఉన్న సీసా పట్టుకుంటే అదే లెక్కన తగ్గుతుంది.

ఇందులో మరో కోణం ఉన్నది. టన్ను 20,000 రూపాయలు అనుకుంటే కాయ ఖర్చు సీసాకు ఒక రూపాయి, గ్లాసుకు పది రూపాయలు. ధర పెరిగితే భరించగల శక్తి సీసాకే ఎక్కువ. కాని ఎక్కువ ధర ఇవ్వవలసిన అగత్యం సీసా కంపెనీకి లేదు. దానికి నల్లగొండ కాయే కావాలని ఏమీ లేదు. నారింజ రసం ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం బ్రెజిల్‌ది. అక్కడి గాఢరసం పీపాలలో ఏ రేవుకయినా చేరుతుంది. మామిడి గుజ్జు చిత్తూరు నుంచి వస్తుంది. జ్యూస్ బండి అతనికి ఆ వెసులుబాటు లేదు. అతనికి ఆ రోజు, ఆ ఊళ్లో, కోయగానే రసం కారే కాయ కావాలి.

మామిడి అనుభవం ఇక్కడివారు మరువరాదు. పండ్ల పానీయాలలో మామిడిదే పెద్ద పీట. అయినా 2025 జూన్‌లో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ధర కూలిపోయి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది. అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీలు ఇవ్వాలని, 4 రూపాయలు ప్రభుత్వం భరిస్తుందని ఏర్పాటు. ఫ్యాక్టరీలు దండిగా ఉన్న జిల్లాలోనే ఇట్లా జరిగింది. నల్లగొండలో బత్తాయి రసం ఫ్యాక్టరీ కావాలన్నది పాత కోరిక. ఫ్యాక్టరీ వస్తే ధర దానంతట అదే నిలబడుతుందనుకునేవారు చిత్తూరు లెక్క ఒకసారి చూసుకోవాలి.

రసానికి చేదు, కాయకు మంగు

బత్తాయి సీసాలోకి ఎక్కకపోవడానికి కంపెనీల ఉదాసీనత ఒక్కటే కారణం కాదు. బత్తాయి జాతి రసం పిండిన కొంతసేపటికి చేదెక్కుతుంది. కాయలోని చేదులేని పదార్థం ఒకటి రసంలోని పులుపు తగిలి లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. వేడి చేసి నిల్వ పెడితే చేదు ఇంకా పెరుగుతుంది. దానిని తొలగించే యంత్రాలు ఉన్నాయి గాని వాటికి పెట్టుబడి కావాలి. బండి మీద పిండి అక్కడే తాగే గ్లాసుకు ఈ బెడద లేదు.

రెండో చిక్కు కాలానిది. శీతల పానీయాల అమ్మకం ఫిబ్రవరి చివర మొదలై జూన్‌తో తగ్గుతుంది. నల్లగొండలో బత్తాయి పెద్ద కాపు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వస్తుంది. పానీయాల సీజన్‌కు అందేది కత్తెర కాపు, అది సరుకులో తక్కువ, ధరలో ఎక్కువ. పెద్ద కాపును వానాకాలంలో ఆదుకునేది ఎండ కాదు, జ్వరాలు. విష జ్వరాలు, డెంగీ ముసిరే నెలల్లో ఆసుపత్రుల ముందరి పండ్ల బండ్లే బత్తాయిని కదిలిస్తాయి. 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్‌తో ఢిల్లీ, కోల్‌కతా లారీలు ఆగినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కూడా విటమిన్ సి కోసం బత్తాయి, నిమ్మ తినమని ప్రజలకు చెప్పింది. ఆరోగ్యం పేరు బత్తాయికి కొత్తగా ఎవరూ పెట్టనక్కరలేదు, అది రోగి మంచం పక్కన ఎప్పటినుంచో ఉన్నది.

మూడో చిక్కు కాయ రంగుది. నల్లి సోకి తొక్క గోధుమ రంగుకు తిరిగిన మంగు కాయను ఉత్తరాది వర్తకుడు పక్కకు నెడతాడు, లేదా తరుగు పెంచుతాడు. టన్నుకు ఇన్ని కిలోలని తీసే ఈ తరుగు రైతుకు, వర్తకుడికి మధ్య ప్రతి సీజన్‌లో వచ్చే తగాదా. కాని మంగు తొక్క మీదిదే. రసానికి పనికొచ్చే కాయ అది. మంచి కాయ, మంగు కాయ కలిపి ఒకే ధర కట్టడంతో మంచి కాయ ధర కూడా దిగిపోతున్నది. కళ్లం దగ్గరనే రెండుగా ఏరి, మంగు కాయను హైదరాబాద్ జ్యూస్ సెంటర్లకు వేరే ధరతో పంపితే ఇద్దరికీ మేలు. గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి తరలిన హైదరాబాద్ పండ్ల మార్కెట్టు విజయవాడ రోడ్డు మీదనే ఉండటం నల్లగొండ సరుకుకు అనుకూలం. రసం ఫ్యాక్టరీ వచ్చినా దాని సరైన పని కూడా ఇదే: మంగు కాయకు, రాలిన కాయకు కింది ధర నిలపడం. మంచి కాయ ధర దాని చేతిలో పెట్టరాదు.

మహబూబ్‌నగర్ సరుకులు

పాలమూరు వైపు ఆరోగ్యపు పానీయాలలో ముందు నిలిచేవి నీరా, తైదంబలి. తాటి, ఈత చెట్ల నుంచి సూర్యోదయానికి ముందు దింపే పులియని నీరాకు ప్రచారం కల్పించడానికి ప్రభుత్వం 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. అప్పటి ఆబ్కారీ మంత్రి వి. శ్రీనివాస్ గౌడ్ మహబూబ్‌నగర్ శాసనసభ్యుడే. గిరాకీకి లోటు లేదు గాని సరుకు స్వభావమే కష్టమైనది. ఎండ తగిలితే కొన్ని గంటల్లో నీరా కల్లవుతుంది. చెట్టు కింద నుంచి ఖాతాదారు చేతి దాకా చల్లదనం తెగకుండా ఉంటేనే అది నీరా. ఐసు పెట్టె, తెల్లవారుజాము బండి, దగ్గరి పట్నం లేకపోతే ఈ వర్తకంలో దిగరాదు. నీరాలో కూడా చక్కెర నూటికి పది పాళ్ల దాకా ఉంటుందన్న సంగతి మధుమేహులకు అమ్మేవారు దాచరాదు.

తైదలకు, జొన్నలకు ఇట్లాంటి తొందర లేదు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత పట్నాలలో అంబలి బండ్లు పెరిగాయి. గింజ గోదాములో నిలుస్తుంది, పిండి పొట్లంలో నిలుస్తుంది, తాగే ముందు కాచుకుంటే సరిపోతుంది. నిల్వ భయం లేని ఆరోగ్య పానీయం ఇదొక్కటేనని చెప్పవచ్చు. ఇక బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన సీతాఫలం గుజ్జు మాత్రం వేడికి చేదెక్కుతుంది కనుక ఐస్‌క్రీమ్ వర్తకానికే ఎక్కువ పనికొస్తున్నది.

పేరు మీద నిఘా

ఆరోగ్యం పేరుతో అమ్మే సరుకుకు ఇప్పుడు చట్టం వెంటపడుతున్నది. ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే వర్గమే లేదని, ఆ పేరుతో పానీయాలను చూపవద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ వర్తక సంస్థలకు చెప్పింది. గాఢరసంలో నీళ్లు కలిపి తయారుచేసిన పానీయాల మీద నూటికి నూరు శాతం పండ్ల రసం అనే మాట తీసివేయాలని 2024 జూన్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. అదే సంవత్సరం నవంబరులో సీసా నీటిని అధిక ప్రమాదమున్న ఆహార పదార్థాల వర్గంలో చేర్చింది. తనిఖీలు పెరుగుతాయి కనుక మన క్యాన్ల యజమానులు రికార్డులు సరిచూసుకోవడం మంచిది.

వీటన్నింటికన్నా హైదరాబాద్‌కు దగ్గరిది ఓ.ఆర్.ఎస్. వ్యవహారం. విరేచనాలయిన పిల్లలకు ఇచ్చే అసలు ద్రావణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలను అదే పేరు కలిసేలా అమ్మడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ సూత్రానికి సరిపోని ఏ పానీయం మీదా ఓ.ఆర్.ఎస్. అనే మాట ఉండరాదని 2025 అక్టోబరులో ఆదేశాలు వచ్చాయి. గోదాములో ఉన్న సరుకు ఒక్క ఆదేశంతో అమ్మరానిదయింది. పేరు చూసి సరుకు నిల్వ చేసే టోకు వర్తకులకు ఇందులో పాఠం ఉన్నది.

బత్తాయి పక్షాన నిలిచేవారు కూడా హద్దు దాటరాదు. చక్కెర వేయని గ్లాసుడు బత్తాయి రసంలోనూ పండు తీపి పదిహేను ఇరవై గ్రాముల దాకా ఉంటుంది. రసం కన్నా పండు తినడమే మేలని పోషకాహార సంస్థ మాట. వర్తకపరంగా ఇది నష్టమేమీ కాదు. కాయ తొనలుగా తిన్నా, పిండి తాగినా, కదిలేది తోటలోని కాయే.

రాబోయే రోజుల అంచనా

పన్ను తేడా కారణంగా గ్యాసు లేని పండ్ల పానీయాలలో కొత్త పేర్లు, కొత్త సీసాలు ఇంకా వస్తాయని భావించవచ్చు. డిస్ట్రిబ్యూటర్లకు అందులో వర్తకం ఉన్నది. బత్తాయి ఏజెంట్లు మాత్రం ఆ ప్రకటనలు చూసి గుత్త ధరలు పెంచుకోవడం తొందరపాటు. వారికి గీటురాళ్లు వేరే ఉన్నాయి. వానాకాలంలో ఢిల్లీ, కోల్‌కతా లారీలు ఎన్ని వస్తున్నాయి, బాటసింగారంలో మంగు కాయకు విడిగా ఎంత పలుకుతున్నది, వేసవిలో కత్తెర కాయ ఎంత వస్తున్నది అనేవి చూసి పెట్టుబడి పెట్టాలి. బోర్లు ఎండిన సంవత్సరాలలో నరికేసిన తోటల స్థానంలో వరి, ఆయిల్ పామ్ వచ్చాయి. బత్తాయి మొక్క నాటితే కాపు చేతికి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఈ సీజన్‌లో తరుగు విషయంలో రైతుకు జరిగే న్యాయాన్నిబట్టే ఆ తర్వాతి సంవత్సరాలలో మార్కెట్టుకు వచ్చే సరుకు ఉంటుంది.